కొల్లేట్లో వదిలెయ్యమన్నవారికి

మొన్న చలికాలంలో మా ఇంట్లో ఒక తాబేలు జబ్బుపడింది.

ఈ వాక్యానికి నవ్వదలచుకున్నవారు ఇక్కడే నవ్వేసి రావచ్చు, నేను ఆగుతాను. పద్దెనిమిది రోజులపాటు ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ నేను ప్రధానంగా విన్నది ఆ నవ్వే కనుక, ఇంకాస్త విన్నందువల్ల నాకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. నిజానికి ఈ టపా తాబేటి గురించి కన్నా ఆ నవ్వు గురించి. ఆ నవ్వు వెనుక ఒక సిద్ధాంతం దాగి ఉన్నదనీ, ఆ సిద్ధాంతం తప్పనీ, అది తాబేళ్ళతో ఆగిపోయేది కాదనీ నా వాదన. అంగీకరించనివారు వ్యాఖ్యలలో ఉతికి ఆరేయవచ్చు. కానీ ముందు కథ వినండి.

నాలుగేళ్ళ క్రితం మా బావమరిది గూడెంలోని ఒక అక్వేరియం దుకాణంలో దాన్ని కొని, మా అమ్మాయి పుట్టినరోజుకు బహూకరించాడు. అప్పుడది పది రూపాయల బిళ్ళకన్నా కాస్త పెద్దది. ఆకుపచ్చని డిప్ప, రెండు కళ్ళ వెనుకా చెరొక ఎర్రని చార. అమ్మాయి దానికి గవ్వ అని పేరు పెట్టుకుంది. దుకాణదారు బోధించిన శాస్త్రమంతా రెండు వాక్యాలు: "ఇది ఇంతకన్నా పెరగదండీ. రోజూ నాలుగు గింజల మేత వేసి, వారానికోసారి నీళ్ళు మారిస్తే చాలండీ."

మొదటి వాక్యం అబద్ధం. రెండవది అర్ధసత్యం కూడా కాదు. ఈ జాతిని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీలోయ. ఆడదాని డిప్ప అడుగు దాకా పెరగగలదు; సరిగా చూసుకుంటే పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు బతుకుతుంది. దానికి ఈదడానికి లోతైన నీళ్ళెంత అవసరమో, నీళ్ళలోంచి పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి పొడి మెట్ట అంత అవసరం. ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వడగట్టిన ఎండ చాలదు. అతినీలలోహిత కిరణాలు నేరుగా ఒంటికి తగలాలి. అవి తగలనిదే డి విటమిను తయారు కాదు, అది తయారు కానిదే తిన్న కాల్షియం డిప్పకు పట్టదు. మేతలో ఏ విటమిను కొరవడితే ముందు కనురెప్పలు వాస్తాయి, పిమ్మట ఊపిరితిత్తులు రోగానికి లొంగుతాయి.

ఇవన్నీ నేనెప్పుడు తెలుసుకున్నాను? నాలుగేళ్ళ తరువాత, ఒక రాత్రి పదకొండు గంటలకు, అది కళ్ళు తెరవడం మానేసిన రోజున.

మొదట మేత ముట్టలేదు. చలికి మందగించిందనుకున్నాము. మూడవనాటికి రెప్పలు బొబ్బల్లా ఉబ్బి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. నాలుగవనాడు నీటిలో ఒక పక్కకు ఒరిగి తేలుతోంది. మునగాలని కాళ్ళు కొట్టుకుంటోంది కానీ మునగలేకపోతోంది. ముక్కు దగ్గర చిన్న చిన్న బుడగలు. మెడ బారచాచి నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. "నాన్నా, ఇది దగ్గుతోందా?" అని అడిగింది అమ్మాయి. ఆ రాత్రే చదివాను: తాబేటికి మనకున్నటువంటి విభాజక పటలం లేదు, లోపల చేరిన కఫాన్ని మనలా దగ్గి బయటికి తోయలేదు. ఒక పక్కకు ఒరగడం ఊపిరితిత్తుల జబ్బుకు ఆనవాలు కావచ్చునట.

*

ఇక వైద్యుల వేట. ఎవరి పేరూ చెప్పను. నా ఫిర్యాదు ఏ ఒక్కరి మీదా కాదు కనుక పేర్లతో పనిలేదు.

మొదట వెళ్ళినది ఒక పశువుల ఆసుపత్రికి. నా ముందు ఒక గేదె దూడ, రెండు మేకలు, ఒక పొమేరేనియన్ కుక్క. నా చేతిలో మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. వంతు వచ్చి మూత తీసేసరికి చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. "ఎంత పెట్టి కొన్నారండీ?" అని అడిగాడొకాయన. మూడు వందలన్నాను. "అయితే ఆటో ఖర్చే దాని ఖరీదు దాటిపోయి ఉంటుందే మాస్టారూ!" మళ్ళీ నవ్వు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. డబ్బా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "గేదె అయితే చెయ్యి పెట్టి చెబుతానండీ. దీని గుండె ఎక్కడ కొట్టుకుంటుందో వినడం కూడా నాకు రాదు. తెలియని వైద్యం చేసి చంపలేను" అన్నారు. ఆ నిజాయితీకి నేనిప్పటికీ నమస్కరిస్తాను.

రెండవచోట నిజాయితీకి బదులు ఆత్మవిశ్వాసం ఎదురైంది. గూడెంలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే చోటు అది. డబ్బాలోకి ఒక్క చూపు చూసి, "కడుపులో పురుగులై ఉంటాయి, ఐవర్‌మెక్టిన్ ఇచ్చేద్దాం" అని సూది అందుకున్నాడాయన. ఆవుకూ మేకకూ నిత్యం వాడే ఆ మందు తాబేళ్ళకు విషం. నరాలు చచ్చుబడి ప్రాణం పోతుంది. ముందటి రాత్రి చదివి ఉండకపోతే నేను చేతులు జోడించి రుసుము చెల్లించి, చంపించుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. వద్దన్నాను. "అన్నీ మీకే తెలిస్తే మా దగ్గరకెందుకొచ్చారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ నాకు తెలియవు కనుకనే వచ్చాను. ఒక్కటి మాత్రం, నాకు తెలియకూడనిది, తెలిసిపోయింది.

ఒక జీవికి పనికివచ్చే మందు వేరొక జీవికి మృత్యువు కావచ్చునన్నది మనకు కొత్త పాఠం కాదు. పశువులకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి మన ఆకాశాన్ని ఖాళీ చేసింది. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించేసరికే నూటికి తొంభైకి పైగా రాబందులు పోయాయి. ఆ పాఠం రాబందుల దగ్గరే ఆగిపోయిందన్నమాట.

మూడవచోటు కైకలూరు దారిలో ఒక ఆక్వా మందుల దుకాణం. చెప్పడానికే సిగ్గుగా ఉంది కానీ, గత్యంతరం లేక వెళ్ళాను. కొల్లేటి దారులు ఎరిగినవారికి నేను వర్ణించనక్కరలేదు: కైకలూరు, ఆకివీడు, భీమవరం, ఎటు పోయినా నాలుగడుగులకొక ఆక్వా మందుల బోర్డు. అక్కడి కుర్రవాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "శీలావతికో బొచ్చెకో అయితే, నీళ్ళు ఒక సీసాలో తెండి, సాయంత్రానికి పరీక్ష చేయించి చెబుతానండీ. చేపకి పేను పట్టినా మందుంది, మొప్ప కుళ్ళినా మందుంది. తాబేటికి మందు మేమెప్పుడూ అమ్మలేదండీ" అన్నాడు. కొంచెం ఆగి, అందరూ చెప్పిన మాటే తానూ చెప్పాడు: "పక్కనే కొల్లేరు కదండీ. వదిలెయ్యండి. దాని బతుకు అది బతుకుతుంది. మీకు పుణ్యం."

*

ఇప్పుడు ఆ నవ్వులోని సిద్ధాంతం సంగతి.

ప్రాణికి వైద్యం దాని ఖరీదును బట్టి అందాలి: ఇదీ ఆ సిద్ధాంతం. ఎవరూ ఇలా నోరు విప్పి చెప్పరు, సిగ్గు కనుక. "ఎంత పెట్టి కొన్నారు?" అని అడుగుతారు. మన పశువైద్య వ్యవస్థ అంతా ఈ ప్రశ్న మీదనే నిలబడి ఉన్నది. గేదె పాలిస్తుంది, కనుక 2022లో మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే ఊళ్ళోకే వైద్యవాహనం వచ్చే ఏర్పాటు మొదలైంది. కోడి గుడ్డు పెడుతుంది, కనుక 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతపు కోళ్ళఫారాలలో కోళ్ళు రాలిపోతున్నప్పుడు నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల దాకా ప్రయాణించాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. చేప ఎగుమతి అవుతుంది, కనుక చెరువు గట్టు దిగకముందే దానికి సలహాదారు ఎదురొస్తాడు. ఇవేవీ తప్పని నేననడం లేదు. గేదె పోతే ఒక కుటుంబం కూలిపోతుంది. ఆ వాహనం ఇంకా ముందే రావలసింది. నేననేది, ఒకే నీటిలో ఈదే రెండు ప్రాణులలో ఒకదానికి ప్రయోగశాలా, రెండవదానికి నవ్వూ దక్కడానికి ధర తప్ప వేరే కారణమేదీ లేదని ఒప్పుకోమని.

చట్టం ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తీసి చూడండి. జంతువంటే ఏమిటన్నదానికి అందులోని నిర్వచనం ఒక్క ముక్కలో తేలిపోతుంది: మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే. పాలిచ్చేదని లేదు, బొచ్చున్నదని లేదు, మూడు వందలకు పైబడినదని లేదు. ఒక జంతువు ఎవరి సంరక్షణలో ఉన్నదో ఆ మనిషి దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలని మూడవ సెక్షను. నేను చట్టం ప్రకారం దోషిని కాకుండా ఉండాలంటే గవ్వకు వైద్యం చేయించి తీరాలి. చేయించడానికి చోటు మాత్రం చూపించరు. బాధ్యత శాసనం, వైద్యం అదృష్టం!

*

"మనుషులకే వైద్యానికి దిక్కులేదు, తాబేటికా మాస్టారూ?" అన్నది రెండవ వాదం. ఇది బలమైనది, పైగా దీనిని చెప్పేవారు చాలామంది మంచివారు. అందుచేత నవ్వుతో తోసిపుచ్చను.

ఏలూరువాడిగా నా జవాబు ఇది. 2020 డిసెంబరు మొదటివారంలో మా ఊళ్ళో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోవడం మొదలైంది. నురగ కక్కుతూ, స్పృహ తప్పుతూ, వందలమంది. ఆసుపత్రి మంచాలు చాలలేదు. కొందరిని విజయవాడకూ గుంటూరుకూ తరలించారు. నీళ్ళు పరీక్షించారు, పాలు పరీక్షించారు, కూరగాయలు పరీక్షించారు. రోగుల రక్తం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్ళింది, అందులో సీసమూ నికెలూ ఉన్నాయన్నారు. ఆ రోజులలో ఈ ఊరివారికి తెలిసివచ్చినదేమిటి? జబ్బుకన్నా భయంకరమైనది, ఎదుట నిలబడ్డవారెవరికీ ఆ జబ్బు పేరు తెలియకపోవడం. డాక్టరు ముఖంలోకి చూసి, ఆయనకూ తెలియదని గ్రహించిన ఆ క్షణం. ఆ క్షణాన్ని అనుభవించిన ఊరు ఇది. ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

మనిషి బాధా తాబేటి బాధా ఒకటేనని నేననడం లేదు. రెండింటిలో ఒకరినే కాపాడగలిగితే ఎవరిని కాపాడాలో నాకు తెలుసు. కానీ అలా ఎంచుకోవలసిన అవసరం ఆ పద్దెనిమిది రోజులలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. తాబేటికి సూది వేసినందువల్ల ఏ మనిషికి వేయవలసిన సూది ఆగిపోయింది? దయ అన్నది కుండలో గంజి కాదు, ఒకరికి పోస్తే ఒకరికి తరిగిపోవడానికి. పైగా నేను చూసినంతలో, తాబేటికి దండగ అన్నవారు ఆ మిగిలిన డబ్బుతో పొరుగు రోగిని ఆదుకున్న దాఖలా లేదు. తాబేలును ఆసుపత్రి గడపలోంచి వెనక్కి పంపిన నవ్వే, కూలివాడి ముసలితల్లిని కూడా వెనక్కి పంపుతుంది: "ఈ వయసులో ఎందుకండీ ఖర్చు?" అని. ధరను చూసి వైద్యాన్ని కొలిచే అలవాటు ఒకసారి చేతికి వస్తే, ఆ కొలమానం మనిషి గుమ్మం ముందు ఆగదు.

*

ఇక కొల్లేరు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినది ఈ సలహాయే, అన్నిటికన్నా తియ్యగా చెప్పినది కూడా ఇదే. కనీసం పదిమంది చెప్పి ఉంటారు. అందరూ పుణ్యమనే అన్నారు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. ఇది మన దొడ్లోని చెత్తకుండీ కాదు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అక్రమ చేపలచెరువుల గట్లను తెగ్గొట్టారు. ఆటపాక వెళ్ళి గూడబాతులను చూసి ఫొటోలు తీసుకుని వస్తాము, కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకుంటాము. ఇంటికి రాగానే, మనకు అక్కరలేనిదేదైనా వదలడానికి మాత్రం మళ్ళీ అదే కొల్లేరు గుర్తొస్తుంది.

రెడ్ ఇయర్డ్ స్లైడర్ ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద చొరబాటు జాతులలో ఒకటిగా ఐయూసీఎన్ జాబితాకెక్కిన ప్రాణి. ఎక్కడ వదిలితే అక్కడి తాబేళ్ళతో మేతకూ, ఎండ కాగే చోటుకూ పోటీపడుతుంది. ఐరోపా సమాజం 1997లోనే దీని దిగుమతిని ఆపేసింది. అమెరికా 1975లో నాలుగంగుళాలకన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడం నిషేధించింది, పిల్లలకు వాటినుంచి సాల్మొనెల్లా సోకుతోందని. తమ పిల్లలకు వద్దనుకున్న బుల్లి తాబేళ్ళను ఇతర దేశాలకు ఎగుమతి చేయడానికి మాత్రం అభ్యంతరం లేకపోయింది. మనం మన పిల్లల పుట్టినరోజులకు కొంటున్నాము.

కొల్లేటికి తన తాబేళ్ళు తనకున్నాయి. మన కాలువలలో, చెరువులలో కనిపించే ఆ మెత్తని డిప్ప తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని పట్టడం, పెంచడం, తినడం అన్నీ నేరమే. ఊపిరితిత్తుల రోగంతో తీసుకుంటున్న ఒక పరదేశపు తాబేలును తెచ్చి దాని నీళ్ళలో వదలమనేవారు, తమ ఇంట్లో అంటువ్యాధి వచ్చిన బంధువును పొరుగింటి వంటగదిలో పడుకోబెట్టి పుణ్యం వచ్చిందనుకుంటారా?

సరే, జాతుల సంగతి వదిలేద్దాం. ఆ ఒక్క ప్రాణి సంగతే చూద్దాం. రెండు కళ్ళూ మూసుకుపోయి, మునగలేక, మేత వెతుక్కోలేక ఉన్నదానిని నీళ్ళలోకి జారవిడిచి వెనక్కి తిరిగితే అది బతుకుతుందా? దాని చావు మన కంటపడదు, అంతే తేడా. చావును కంటికి కనబడకుండా చేసుకోవడానికి మన భాషలో పుణ్యమని పేరెప్పుడు వచ్చిందో నాకు తెలియదు. శ్రీకూర్మంలో విష్ణువును కూర్మరూపంలో కొలుస్తాము, ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను సాకుతాము. మందరపర్వతాన్ని వీపున మోసినవాడికి దండం పెట్టేటప్పుడు ధర ఎంతని ఎవరూ అడగరు.

*

పదకొండవనాటికి, ఒక పాత విద్యార్థి ద్వారా, ఒక జంతుప్రదర్శనశాలలో చాలాకాలం పనిచేసి విరమించిన వైద్యుడి ఫోను నంబరు దొరికింది. లక్షణాలన్నీ ఏకరువు పెట్టబోయాను. ఆయన మధ్యలోనే ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"నీళ్ళెంత వెచ్చగా ఉన్నాయండీ?"

పదకొండు రోజులలో ఆ మాట ఎవరూ అడగలేదు. నాకు నేను కూడా అడుక్కోలేదు. తొట్టిలో చెయ్యి పెట్టాను. హాల్లో గచ్చు మీద, డిసెంబరు రాత్రి, ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి. నాలుగు చలికాలాలుగా అలాగే ఉన్నాయి. ఆయన ఓపికగా వివరించారు: సరీసృపం తన వేడిని తాను పుట్టించుకోలేదు. ఒళ్ళు చల్లబడితే మేత అరగదు, రోగాన్ని ఎదిరించే శక్తి మేలుకోదు, ఇచ్చిన మందు కూడా సరిగా పనిచేయదు. ముందు వేడి, తరువాత మందు. సూది ముందుకాలికే వేయాలి; వెనుక భాగపు రక్తం గుండెకు చేరేముందే మూత్రపిండాల గుండా పోయే అమరిక వీటిలో ఉండటం వల్ల ఆ జాగ్రత్త.

ఆ మర్నాడు నేను మొదటి పశువైద్యుడి దగ్గరకే వెళ్ళి ఫోను కలిపి చేతికిచ్చాను. ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. డాక్టరుగారు బరువు తూచి, మోతాదు లెక్కగట్టి, ముందుకాలికి సూది వేశారు. అంతా అయ్యాక ఒక నోటుపుస్తకం తీసి ఆ వివరాలన్నీ రాసుకున్నారు. ఇంటి దగ్గర దీపం పెట్టి తొట్టిని వెచ్చబరిచాము. పదిహేనవనాడు గవ్వ ఒక కన్ను సగం తెరిచింది. అమ్మాయి ఆ రోజు బడికి వెళ్ళనని మొండికేసింది, నేను బలవంతపెట్టలేదు.

పద్దెనిమిదవనాటి తెల్లవారుజామున చనిపోయింది. మందు అందేసరికే ఊపిరితిత్తులు చెడిపోయి ఉంటాయన్నారు పెద్దాయన. వారం ముందు తెచ్చి ఉంటే? అని అడిగాను. "చెప్పలేనండీ" అన్నారు. ఆ మాటకూ నేను నమస్కరించాను.

*

నన్ను నేను వదిలేసి ఇతరులను తిడుతున్నానని ఎవరూ అనుకోకూడదు. ఆ ప్రాణిని చంపినవారిలో మొదటివాణ్ణి నేనే. నాలుగేళ్ళు ఎండ తగలనివ్వలేదు. నాలుగేళ్ళు ఒకే గింజలు వేశాను. సెల్‌ఫోను కొనేముందు వారంరోజులు వాకబు చేసిన మనిషిని, ప్రాణమున్నదానిని ఇంట్లో పెట్టుకునే ముందు పది నిమిషాలు చదవలేదు. దుకాణదారు అబద్ధం చెప్పాడు, నిజమే. ఆ అబద్ధం నాకు సుఖంగా ఉంది కనుక నమ్మాను. కాబట్టి "అసలు పెంచడమే తప్పు" అనేవారితో నేను చాలా దూరం నడుస్తాను. చివరి అడుగు దగ్గర మాత్రం ఆగుతాను. పెంచకూడదన్నది రేపు కొనబోయేవారికి చెప్పవలసిన మాట. ఇప్పటికే తొట్లలో ఉన్నవాటికి అది జవాబు కాదు. కొనడం తప్పయినంత మాత్రాన చావనివ్వడం ఒప్పు కాదు.

అందుచేత నేను కోరేవి పెద్ద ఆసుపత్రులు కావు. మూడే మూడు.

ఒకటి: 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమావళి ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కానిదే ఆ వ్యాపారం చేయకూడదు. ప్రాణిని అమ్మేవారిని ఆ నమోదు పత్రం చూపించమని అడగండి. "దీనికి జబ్బు చేస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలి?" అని కొనేముందే అడగండి. జవాబు లేకపోతే కొనకండి. నా బావమరిది అడగలేదు, నేనూ అడగలేదు.

రెండు: ఏలూరుకు కూతవేటు దూరాన గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది. విశాఖలో, తిరుపతిలో జంతుప్రదర్శనశాలలు ఉన్నాయి, వాటిలో పాములకూ మొసళ్ళకూ తాబేళ్ళకూ చికిత్స చేసే వైద్యులున్నారు. అంటే విద్య మన రాష్ట్రంలోనే ఉన్నది, ఊళ్ళకు చేరే దారి లేదు. ప్రతి పశువుల ఆసుపత్రి గోడ మీదా, తెలియని ప్రాణి వచ్చినప్పుడు ఫోను చేసి అడగడానికి ఒక నంబరు ఉంటే చాలు. గవ్వకు చివరకు దొరికిన వైద్యమంతా ఇరవై నిమిషాల ఫోను సంభాషణే. అది పదకొండు రోజులు ఆలస్యంగా, ఒకరి పరిచయం వల్ల దొరికింది. పరిచయాల మీద దొరికేదాన్ని వ్యవస్థ అనరు.

మూడు: నవ్వకండి. డబ్బా పట్టుకుని వచ్చినవాడిని చూసి నవ్వితే వాడు రెండవసారి రాడు. వాడు చేసే తరువాతి పని కొల్లేటికి పోవడం.

ఇది రాస్తుండగానే ఆ మొదటి డాక్టరుగారి నుంచి ఫోను వచ్చింది. తాబేలును పట్టుకుని మళ్ళీ ఎవరో వచ్చారట, అదే జాతి, అవే ఉబ్బిన కళ్ళు, వాపు మొదలై రెండు రోజులే అయిందట.

"నోటుపుస్తకం తీశానండీ మాస్టారూ" అన్నారు. "నీళ్ళెంత వెచ్చగా ఉన్నాయని ముందు అడిగాను."